పాతది తీసివేశామని వ్రాసి ఇచ్చిన మాట



ఇటీవల ఒక యువజన సదస్సులో మధ్యాహ్నం పూట ప్రశ్నల పెట్టె తెరిచాము. ప్రేమ వివాహం, ఉపవాసం, సెల్‌ఫోను వంటి మామూలు ప్రశ్నల నడుమ ఒక చీటీ వచ్చింది. దానిమీద పేరు లేదు. "ఫాదర్ గారూ, నా దగ్గర ఒక కంప్యూటరు సాఫ్ట్‌వేరు పాత వెర్షను ఉంది. పాతది ఉన్నవారికి కొత్తది తక్కువ ధరకు ఇస్తామంటే అప్‌గ్రేడు లైసెన్సు కొన్నాను. పాతదాన్ని మా తమ్ముడి కంప్యూటరులో వేసి ఇచ్చాను. ఇది పాపమా?" అని అందులో ఉంది.

చీటీ పైకి చదవగానే హాలంతా నవ్వులు. "అసలు డబ్బే కట్టకుండా వాడేవాళ్లు ఊరంతా ఉంటే ఈయనెవరో పుణ్యాత్ముడు!" అన్నాడు వెనుక వరుసలోని ఒక కుర్రవాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. "సమయం చాలదు, పత్రికలో సమాధానం వ్రాస్తాను" అని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి అడ్డు వచ్చింది సమయం కాదు. ఆ చీటీలో ఉన్న పనిని 2011వ సంవత్సరంలో నేనే చేసి ఉన్నాను. అది కూడా విచారణ ముద్ర వేసి మరీ చేశాను. కనుక ఈ వారం ఇచ్చే సమాధానం ఉపదేశం కొంత, ఒప్పుకోలు కొంత.

అప్‌గ్రేడు లైసెన్సు అంటే ఏమిటి?

కంప్యూటరుతో పరిచయం లేని పెద్దల కోసం ముందు ఇది చెప్పాలి. బజారులో ఎక్స్చేంజి మేళా పెడతారు. పాత ప్రెషరు కుక్కరు తెచ్చి ఇస్తే కొత్త కుక్కరు ధరలో కొంత తగ్గిస్తారు. పాతది దుకాణదారు తీసుకుంటాడు, కొత్తది మీరు ఇంటికి తెచ్చుకుంటారు. అప్‌గ్రేడు లైసెన్సు ఇంచుమించు ఇటువంటిదే. సాఫ్ట్‌వేరు పాత వెర్షనుకు ఇదివరకే డబ్బు కట్టినవారికి కొత్త వెర్షనును పూర్తి ధరకంటె తక్కువకు ఇస్తారు. తేడా ఒక్కటే. ఇక్కడ పాత కుక్కరు దుకాణానికి పోదు. అది మన ఇంట్లోనే, మన మాటమీదనే ఉండిపోతుంది. "నా దగ్గర నిజంగా పాతది ఉంది" అన్నది మనం ఇచ్చే మొదటి మాట. "కొత్తది వేసుకున్నాక పాతదాన్ని విడిగా వాడను, ఇంకొకరికి ఇవ్వను" అన్నది సాధారణంగా రెండవ మాట. మైక్రోసాఫ్టు వారి విండోస్ ఎక్స్‌పీ అప్‌గ్రేడు ఒప్పందంలో ఈ రెండు షరతులూ ఉండేవి. కొన్ని కంపెనీలు పాతదాన్ని కొన్నవారే అదే కంప్యూటరులో ఉంచుకోనిస్తాయి. అందుచేత ఎవరి ఒప్పందాన్ని వారు చదువుకోవాలి. ఏమైనా, తగ్గించిన ధర నిలిచేది ఆ మాటమీదనే.

విచారణ ముద్ర

ఇక నా సంగతి. అప్పుడు నేను పనిచేస్తున్న విచారణలో పాటల పుస్తకాలు, పండుగ కరపత్రాలు కూర్చడానికి ఒక సాఫ్ట్‌వేరు ఉండేది. పూర్వపు విచారణ గురువులు డబ్బు కట్టి కొన్నదే. కొత్త వెర్షను వచ్చింది. పూర్తి ధర మా శక్తికి మించినది. అప్‌గ్రేడు ధర దానిలో మూడవ వంతు కూడా లేదు. విక్రేత ఒక కాగితం పంపించాడు. పాత ప్రతిని తొలగించామనీ, ఎవరికీ ఇవ్వలేదనీ సంస్థ అధికారి సంతకం చేసి ముద్ర వేయాలి. నేను సంతకం చేశాను. ముద్ర వేశాను. పొదుపు చేశానని సంతోషించాను.

మరుసటి వారమే పాత కంప్యూటరును, అందులోని పాత సాఫ్ట్‌వేరుతో సహా, సిస్టర్లు నడిపే ఆడపిల్లల శిక్షణ కేంద్రానికి కానుకగా ఇచ్చాను. పూజ అయ్యాక ఆ విషయం ప్రకటించాను కూడా. విశ్వాసులు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మన ఉపదేశి గారి కూతురు. డిగ్రీ ప్రైవేటుగా చదువుతూ మా దగ్గర పని చేసేది.

"ఫాదర్ గారూ, పాతది తీసేశామని మొన్న కాగితం మీద వ్రాసి ఇచ్చాం కదండీ."

"అయితే ఏమిటమ్మా?"

"ఇప్పుడు సిస్టర్ల దగ్గర అదే నడుస్తోందండీ."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆమె చెప్పింది నిజం కావడం వల్లనే వచ్చింది. "పేద పిల్లల కోసం ఇచ్చాను గాని నా జేబులో వేసుకున్నానా? పెద్ద కంపెనీకి ఈ నాలుగు వేలతో వచ్చేదేమిటి, పోయేదేమిటి? చట్టం నువ్వు నాకు నేర్పనక్కరలేదు" అన్నాను. సంగీతం మాస్టరు, ఇద్దరు సంఘ పెద్దలు అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి "సరేనండీ" అని తల దించుకుని వెళ్లిపోయింది.

మరునాడు ఉదయం పెళ్లికి కావలసిన జ్ఞానస్నాన ధ్రువపత్రం కోసం ఒక కుటుంబం వచ్చింది. రిజిస్టరు చూసి పత్రం వ్రాసి, సంతకం చేసి, ముద్ర చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఈ మనిషి ఫలానా తేదీన జ్ఞానస్నానం పొందాడు అని శ్రీసభ పేరున సాక్ష్యం చెప్పేది ఈ ముద్రే. దీన్ని చూసి ఏ దేశంలోనైనా ఏ గురువైనా మారు ప్రశ్న వేయకుండా నమ్ముతాడు. పాత ప్రతిని తొలగించామని అబద్ధానికి సాక్ష్యం చెప్పింది కూడా ఈ ముద్రే. ఒకే ముద్ర ఒక కాగితం మీద నిజం, ఇంకొక కాగితం మీద అబద్ధం చెబితే మొదటి కాగితానికి విలువ ఎక్కడ ఉంటుంది?

ఎవరికీ ఏమీ తగ్గలేదు గదా!

సదస్సులో నవ్విన యువకుల పక్షాన గట్టి వాదమే ఉంది. దానిని తీసిపారేయకూడదు. కుక్కరు దొంగిలిస్తే యజమానికి కుక్కరు లేకుండా పోతుంది. సాఫ్ట్‌వేరు అలా కాదు. ఒక దీపంతో ఇంకొక దీపం వెలిగిస్తే మొదటి దీపం వెలుగు తరగదు. మరి ఇది దొంగతనం ఎలా అవుతుంది?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వినాసు గారు వడ్డీని గురించి చేసిన ఒక విభజనను మేము వల్లె వేసేవాళ్లం. ద్రాక్షారసం, గోధుమలు వాడితే అయిపోతాయి. వాటి వాడకాన్ని ఒకరికి, యాజమాన్యాన్ని ఇంకొకరికి విడదీయడం కుదరదు. ఇల్లు అలా కాదు. ఇంటిని అద్దెకు ఇచ్చినప్పుడు వాడుకునే హక్కు అద్దెవారిది, ఇల్లు మాత్రం యజమానిదే. సాఫ్ట్‌వేరు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా సరిపోదు. వాడితే అయిపోదు, ఇల్లులాగా ఒక్కరే ఉండగలిగేదీ కాదు. అందుకే న్యాయస్థానాలు కూడా దీనిని గురించి తలొక మాట చెప్పాయి.

అమెరికాలో ఆటోడెస్క్ కంపెనీ వారి ఆటోక్యాడ్ మీద ఒక దావా నడిచింది. భవన నిర్మాణ నక్షలు గీసే ఒక సంస్థ పూర్తి ధర 3,750 డాలర్లకు బదులు ప్రతికి 495 డాలర్లు కట్టి కొత్త వెర్షనుకు అప్‌గ్రేడు అయింది. పాత ప్రతులను నాశనం చేయాలన్నది షరతు. వారు నాశనం చేయకుండా వాటిలో కొన్నింటిని ఒక వ్యాపారికి అమ్మారు. ఆయన వాటిని ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టాడు. క్రింది కోర్టు వ్యాపారి పక్షాన తీర్పు చెప్పింది. 2010 సెప్టెంబరులో పై కోర్టు దానిని త్రోసిపుచ్చి, ఆ సంస్థ కొన్నది ప్రతులను కాదు, వాడుకునే లైసెన్సును మాత్రమే అన్నది. రెండేళ్లు తిరగకముందే, 2012 జూలై 3వ తేదీన, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒరాకిల్ కంపెనీకి సంబంధించిన వ్యాజ్యంలో దాదాపు వ్యతిరేకంగా చెప్పింది. కాలపరిమితి లేకుండా వాడుకోమని డబ్బు తీసుకుంటే అది అమ్మకమేననీ, కొన్నవాడు దానిని తిరిగి అమ్ముకోవచ్చుననీ తీర్పు ఇచ్చింది.

ఒకరు అద్దె అన్నారు, ఇంకొకరు అమ్మకం అన్నారు. అయితే జాగ్రత్తగా చూడండి. యూరప్ న్యాయస్థానం కూడా ఒక షరతు పెట్టింది. అమ్మేవాడు తన దగ్గర ఉన్న ప్రతిని అమ్మే సమయానికి పనికిరాకుండా చేయాలి. అమ్మి, తన దగ్గరా ఉంచుకోకూడదు. అంటే ఒక్క విషయంలో ఇద్దరూ కలిశారు. ఒక్కరి వాడకానికి వెల కట్టి ఇద్దరు వాడుకునే హక్కు ఎవరికీ లేదు.

దీపం ఉపమానానికి జవాబు ఇక్కడే ఉంది. వెలుగు తరగదు, నిజమే. కాని ఆ దీపానికి నూనె పోసినవాడు ఒకడున్నాడు. వందలాది మంది ఏళ్ల తరబడి శ్రమించి చేసిన పనికి కూలి, వాడుకునే అందరి మధ్య పంచబడుతుంది. ఆర్టీసీ బస్సులో ఖాళీ సీటు ఉంది గదా అని వేరొకరి విద్యార్థి పాసు చూపించి ఎక్కితే బస్సు బరువు పెరగదు, ఎవరి సీటూ పోదు. అయినా మనం దానిని తప్పు అంటాము. ఎందుకు? రాయితీ ఎవరికోసం ఉందో వారు మనం కాదు గనుక, మనం వారమని చెప్పాము గనుక.

మన దేశపు చట్టం

మన దేశంలో కంప్యూటరు ప్రోగ్రాముకు 1957 నాటి కాపీరైటు చట్టం రక్షణ ఇస్తుంది. అక్రమ ప్రతి అని తెలిసి దానిని కంప్యూటరులో వాడినవారికి 63బి సెక్షను క్రింద 7 రోజులనుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేలనుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. వ్యాపార లాభం కోసం కానప్పుడు, తగిన కారణాలుంటే, జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. అదే చట్టం సక్రమంగా కొన్నవారికి మేలు కూడా చేసింది. ప్రతి పాడైపోతే ఇబ్బంది కలగకుండా రక్షణ కోసం ఇంకొక ప్రతి తీసుకుని పెట్టుకోవచ్చు. అది నేరం కాదు.

సాఫ్ట్‌వేరు సరుకా కాదా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుండే సుప్రీం కోర్టుకు వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య అమ్మకపు పన్ను విషయంలో నడిచిన వ్యాజ్యంలో, డిస్కులమీద ఎక్కించి అమ్మే సాఫ్ట్‌వేరు సరుకేనని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరులో తీర్పు చెప్పింది. 2021 మార్చిలో విదేశీ సాఫ్ట్‌వేరుపై ఆదాయపు పన్ను వ్యాజ్యంలో కూడా సుప్రీం కోర్టు, ఇటువంటి కొనుగోలులో కాపీరైటు కొన్నవానికి బదిలీ కాదనీ, ఆ డబ్బు కాపీరైటుకు ఇచ్చిన రాయల్టీ కాదనీ చెప్పింది. అవి పన్నుల తగాదాలు. మన చీటీలోని ప్రశ్నకు అవి తిన్నగా జవాబు చెప్పవు. ఒప్పందం మీరి ఇచ్చిన ప్రతి చట్టం దృష్టిలో ఏమవుతుందో న్యాయవాదులు చెప్పాలి. కాని పోలీసు వచ్చేదాకా ఆగి తెలుసుకోవలసినది కాదు మనస్సాక్షి. చట్టం పట్టుకోలేనిదంతా న్యాయం కాదు.

తలుపు తెరిచి ఉంటే?

కొన్నిసార్లు కంపెనీయే తలుపు సరిగా మూయదు. 2007లో విండోస్ విస్టా విడుదలైనప్పుడు, దాని అప్‌గ్రేడు డిస్కును రెండుసార్లు వరుసగా నడిపిస్తే పాత విండోస్ లేని కంప్యూటరులో కూడా ఎక్కిపోతుందని లోకానికి తెలిసింది. అలా చేయవచ్చునా?

ఇక్కడ ఇద్దరు మనుషులను ఊహించుకోండి. ఒకాయన పాత విండోస్‌కు డబ్బు కట్టాడు. కంప్యూటరు పాడై, అందులోనిదంతా తుడిచిపెట్టుకుపోయింది. ముందు పాతది వేసి దానిమీద కొత్తది వేయడానికి బదులు ఆయన ఈ దగ్గరి దారి పట్టాడు. రెండవ ఆయన ఎన్నడూ ఏ విండోస్‌కూ డబ్బు కట్టలేదు. ఆయనా అదే దారి పట్టాడు. ఇద్దరి వేళ్లూ అవే మీటలు నొక్కాయి. కాని రెండు పనులూ ఒకటి కావు. మొదటివాడు షరతు యొక్క ఉద్దేశాన్ని నెరవేర్చాడు. పద్ధతి మాత్రమే మార్చాడు. అక్షరం కంటె ఉద్దేశాన్ని గౌరవించే ఈ గుణాన్ని ప్రాచీనులు ఎపికెయియా అన్నారు. పునీత తోమాసు గారు దానిని సద్గుణంగా లెక్కించారు. రెండవవాడు తలుపు తెరిచి ఉన్నదని లోపలికి పోయినవాడు మాత్రమే. సాధ్యమైనదంతా ధర్మం కాదు.

ఇంకొక ఉదాహరణ మనసును మరీ నొప్పిస్తుంది. విండోస్ 10ను, విండోస్ 7, 8.1 సక్రమంగా ఉన్నవారికి 2015 జూలై 29నుండి ఒక సంవత్సరం పాటు ఉచితంగా ఇచ్చారు. గడువు తీరిన తరువాత కూడా, చూపులేనివారు మొదలైన, సహాయక సాధనాలతో కంప్యూటరు వాడే వికలాంగులకు ఆ అవకాశాన్ని ఇంచుమించు 2017 చివరి వరకు కొనసాగించారు. రుజువు ఏమీ అడగలేదు. "నేను అటువంటి సాధనాలు వాడతాను" అని ఒక్క మీట నొక్కితే చాలు. ఆరోగ్యంగా ఉండి ఆ మీట నొక్కినవారిని ఏ కంప్యూటరూ పట్టుకోలేదు. కాని అంధుల కోసం తీసి ఉంచిన తలుపులోంచి, కళ్లున్నవాడు కళ్లు లేవని చెప్పి దూరితే, వాడు మోసం చేసింది కంపెనీని మాత్రమేనా? నమ్మి రుజువు అడగకుండా ఇచ్చే చేతులు రేపు రుజువు అడగడం మొదలుపెడతాయి. ఆ భారం పడేది నిజమైన అంధులమీదనే.

అమ్మేవారి బాధ్యత

ఇంతవరకు కొనేవారినే నిలదీశాను. అమ్మేవారికి ధర్మం లేదా? తప్పకుండా ఉంది. మాటలు నిలబెట్టుకోవాలనీ, ఒప్పందాలను పాటించాలనీ కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తుంది. అయితే ఆ ఒప్పందం నైతికంగా న్యాయమైనది అయినంత మేరకే అని కూడా అదే చోట అంటుంది. 13వ లియో జగద్గురువులు 1891లో 'రేరుమ్ నొవారుమ్' లేఖలో కూలి ఒప్పందాల గురించి ఇదే చెప్పారు. ఆకలితో ఉన్నవాడు ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పందం న్యాయం కాదు, ఒప్పందంకంటె ముందునుండి ఉన్న సహజ న్యాయం ఒకటి ఉంది అన్నారు. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1991లో వ్రాసిన 'చెంతేసిముస్ అన్నుస్' లేఖలో, భూమికి తీసిపోని కొత్త రకం ఆస్తి పుట్టిందనీ, అది విజ్ఞానం, సాంకేతిక నైపుణ్యం అనీ గుర్తించారు. అంటే భూమి కలవారికి ఉన్న బాధ్యతలు ఈ ఆస్తి కలవారికి కూడా ఉన్నాయి. సృష్టిలోని వనరులు మానవులందరి కోసం అన్న నియమం కంప్యూటరు దగ్గర ఆగిపోదు.

ఎవరూ చదవలేనంత పొడవైన ఒప్పందం వ్రాసి, అడుగున "అంగీకరిస్తున్నాను" అన్న ఒక్క మీట పెట్టడం న్యాయమా? మొదట అమ్మినదాన్ని తరువాత అద్దెకు మాత్రమే ఇస్తామనడం ఎంతవరకు సబబు? అడోబీ 2013లో, ఆటోడెస్క్ 2016లో కొత్త వినియోగదారులను చందా పద్ధతికి మళ్లించాయి. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 కోరే అర్హతలు లేని పాత కంప్యూటర్లు, పని చేస్తూ ఉన్నప్పటికీ, మన బడులలో మూల పడుతున్నాయి. దీనిని గురించి అడిగే హక్కు, సంఘటితంగా గొంతెత్తే హక్కు మనకు ఉంది.

కాని ఒక్క మాట. అవతలివాడి అన్యాయం నా అబద్ధానికి లైసెన్సు కాదు. ఆకలితో చావబోయేవాడు రొట్టె తీసుకుంటే దొంగతనం కాదని శ్రీసభ చెబుతుంది. పాటల పుస్తకం అందంగా కూర్చుకోవడం అటువంటి ఆకలి కాదు. పైగా ఆ ఆకలి తీరడానికి నిజాయితీ గల దారి ఉంది. లినక్సు, లిబ్రె ఆఫీసు వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఎవరైనా ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు, పంచవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు దానితోనే నేర్చుకుంటున్నారు. మన తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ దీనినే ఒక ఉద్యమంగా నడుపుతోంది. ఇచ్చిపుచ్చుకోవడం అంత ఇష్టమైతే, ఇచ్చిపుచ్చుకోమని చేసినవారి దగ్గరకే పోవచ్చు గదా!

అననీయ కానుక

జ్ఞానస్నాన పత్రం వ్రాసిన ఆ రాత్రి నేను అపొస్తలుల కార్యముల గ్రంథం ఐదవ అధ్యాయం తెరిచాను. అననీయ, సఫీరా అనే దంపతులు తమ పొలం అమ్మి, డబ్బులో కొంత దాచుకుని, ఇదే మొత్తం అని సంఘానికి కానుకగా తెచ్చారు. పేతురు గారు అననీయను తప్పుపట్టింది డబ్బు దాచుకున్నందుకు కాదు. పొలం అతనిదే, అమ్మిన డబ్బూ అతని చేతిలోనే ఉండినది. ఎంత ఇచ్చినా ఎవరూ అడగరు. తప్పు అబద్ధంలో ఉంది, అది కూడా కానుకలో కలిపిన అబద్ధంలో ఉంది.

పేద పిల్లల కోసం ఇచ్చాను అన్నాను. కాని ఆ కానుకకు వెల ఇచ్చింది నేను కాదు. ఆ సాఫ్ట్‌వేరు చేసినవారిని అడగకుండా వారి చేత ఇప్పించి, చప్పట్లు నేను తీసుకున్నాను. ఆ పిల్లలకు కూడా తెలియకుండా వారిని ఒక అబద్ధంలో భాగస్థులను చేశాను. ఏడవ ఆజ్ఞను మీరానా అన్నది వాదించుకోవచ్చు. ఎనిమిదవ ఆజ్ఞ విషయంలో వాదించడానికి నాకేమీ మిగలలేదు. అబద్ధ సాక్ష్యం ముద్రతో సహా కాగితం మీద ఉంది.

జక్కయ్య పశ్చాత్తాపపడినప్పుడు కన్నీళ్లతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పాప సంకీర్తనంలో క్షమాపణ దొరుకుతుంది గాని, తీసుకున్నది తిరిగి ఇచ్చే బాధ్యత దానితో తీరిపోదు. నేను విక్రేతకు ఉత్తరం వ్రాసి జరిగినది చెప్పాను. పూర్తి ధరకు, మేము కట్టినదానికి మధ్య ఉన్న తేడాను నా పూజ కానుకలలోనుండి ఐదు నెలలలో కట్టాను. విచారణ నిధిని ముట్టుకోలేదు. తప్పు విచారణది కాదు. ఆ విక్రేత సొమ్ము తీసుకుని, సిస్టర్ల దగ్గర ఉన్న ప్రతికి సక్రమమైన లైసెన్సు కాగితం పంపించాడు.

ఇది తేలికైన భాగం. కష్టమైన భాగం ఇంకొకటి ఉండినది. ఆ అమ్మాయిని ఎవరి ముందు కించపరిచానో, ఆ సంగీతం మాస్టరును, ఆ ఇద్దరు పెద్దలను పిలిపించి, వారి ముందే ఆమెను క్షమాపణ అడిగాను. ఆమె కంగారుపడి, "అయ్యో, అంత మాట ఎందుకండీ" అన్నది. కొంచెం ఆగి, "ఆ రోజు కాగితం టైపు చేసింది నేనేనండీ, అందుకే అడిగాను" అన్నది. అప్పుడుగాని నాకు తెలియలేదు. నా అబద్ధాన్ని ఆమె చేత కూడా వ్రాయించాను. ఆమె మనస్సాక్షికి నేను కలిగించిన గాయాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

చీటీ వ్రాసిన సోదరునికి

నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నీవు తీసుకున్న అప్‌గ్రేడు ఒప్పందాన్ని ఒకసారి చదువు. పాతదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చునని అందులో ఉంటే, నిర్భయంగా ఉండు. ఇవ్వకూడదని ఉంటే, నీవు తగ్గింపు ధరను ఒక మాటకు బదులుగా తీసుకుని ఆ మాట తప్పావు. తెలియక చేసినదైతే అపరాధం తక్కువ. తెలిసిన తరువాత కొనసాగిస్తే అపరాధం అవుతుంది. నీ తమ్ముడి కంప్యూటరులోనుండి దానిని తీసివేయి. అతనికి అవసరమైతే సక్రమంగా కొనిపెట్టు, లేదా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఎక్కించి, కూర్చుని నేర్పించు. ఎందుకు తీసివేస్తున్నావో అతనికి చెప్పు. అన్నయ్య ఇచ్చిన సాఫ్ట్‌వేరును తమ్ముడు రెండేళ్లలో మరచిపోతాడు. అన్నయ్య తన మాట కోసం దానిని వెనక్కు తీసుకున్న సంగతి మరచిపోడు.

మిగిలిన మనమందరం ఈ వారం ఆత్మశోధనలో ఈ మూడు ప్రశ్నలు వేసుకుందాము. నేను పొందుతున్న ఏ రాయితీ అయినా నేను కానివాడినని చెప్పి పొందినదా? నేను చేసిన దానధర్మాలలో నా సొమ్ము కానిది ఏమైనా ఉన్నదా? నా క్రింద పనిచేసేవారి చేత నా అబద్ధాన్ని వ్రాయిస్తున్నానా?

14వ లియో జగద్గురువులు 2025 మేలో ఎన్నికైన రెండు రోజులకే, తాము ఈ పేరు ఎందుకు తీసుకున్నారో కార్డినళ్లకు వివరిస్తూ, యంత్రాల యుగంలో 13వ లియో గారు మనిషి పక్షాన నిలిచినట్లే కృత్రిమ మేధ యుగంలో శ్రీసభ నిలవాలని కోరారు. ఇంత పెద్ద మాటలకు మన వంతు పని చాలా చిన్నది. తెరమీద "అంగీకరిస్తున్నాను" అన్న మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుదాము. అది కూడా ఒక మాటే. క్రైస్తవుడు నొక్కినది గనుక అది నిజం కావాలి.

ఆ ముద్ర ఇప్పుడు నా వద్ద లేదు. నా తరువాత వచ్చిన గురువుల చేతిలో ఉంది. ఇచ్చి వచ్చేటప్పుడు దానిని గుడ్డతో తుడిచి ఇచ్చాను. ఎవరైనా తుడిచేవారే. నేను మాత్రం కొంచెం ఎక్కువసేపు తుడిచాను.

సత్యమునకు సాక్షియైన క్రీస్తు ప్రభువు మనందరి మాటలను, చేతలను ఒకటిగా చేయునుగాక. ఆమెన్.